పెంపుడు ఇగ్వానా అనుకోకుండా గుడ్లు పెడితే: మొదటి గంట నుంచి పిల్లలు బయటికి వచ్చే దాకా

నాలుగేళ్ల క్రితం ఉగాదికి రెండు రోజుల ముందు, విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీలోని మా ఇంటి వెనుక బాల్కనీలో, ఆరిన బట్టలు తీసి పెట్టుకునే వెదురు బుట్ట అడుగున మా పచ్చ ఇగ్వానా, అంటే ఆకులు తినే పెద్ద విదేశీ బల్లి, గుడ్లు పెట్టింది. దాన్ని ఐదేళ్లుగా మగదనే అనుకుంటూ పెంచాం. దుప్పటి కింద చెయ్యి పెడితే ముప్పైకి పైగా గుడ్లు తగిలాయి. కోడిగుడ్డులా గట్టి పెంకు లేదు. నానబెట్టిన తోలులా మెత్తగా, వెచ్చగా, ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. ఆ రోజు మేము చేసిన పనులన్నీ తప్పులే. గుడ్లను కుళాయి కింద కడిగాం. వేపుడు గిన్నెలో పోసి ఇల్లంతా తిప్పి చూపించాం. భీమిలిలో నలభై ఏళ్లు కోళ్లు పెంచిన మా మేనత్త "రోజూ తిప్పకపోతే పిల్ల పెంకుకి అంటుకుపోద్ది" అని చెప్పగా, ఆవిడ మాట మీద ఉదయం సాయంత్రం తిప్పుతూ వచ్చాం. ఆ విడతలో ఒక్కటీ నిలవలేదు.

అత్త చెప్పింది కోడి విషయంలో అక్షరాలా నిజం. బల్లి జాతి విషయంలో మాత్రం సరిగ్గా దానికి వ్యతిరేకంగా చేయాలి. ఆ తేడా తెలియక ఎవరి ఇంట్లోనూ గుడ్లు పాడు కాకూడదని, అంతకంటే ముఖ్యంగా గుడ్ల సంబరంలో పడి తల్లిని ఎవరూ మరచిపోకూడదని ఈ వివరాలన్నీ రాస్తున్నాను.

ముందు తల్లిని చూడండి

గుడ్లు కనిపించగానే చేతులు వాటి వైపే వెళతాయి. ఆగండి. గుడ్లు ఉన్నచోటే ఒక గంట ఉంటే వాటికి ఏమీ కాదు. వాటి మీద ఎండ గానీ ఫ్యాను గాలి గానీ నేరుగా పడకుండా తడిపి పిండిన గుడ్డను పైన వదులుగా కప్పి, తల్లి దగ్గరికి వెళ్లండి.

మొదట తేల్చుకోవలసింది అది గుడ్లు పెట్టడం పూర్తి చేసిందా లేదా అన్నదే. పచ్చ ఇగ్వానా ఒక విడతలో 20 నుంచి 70 దాకా గుడ్లు పెట్టగలదు, కాబట్టి పది గుడ్లు మాత్రమే కనిపిస్తే ఇంకా లోపల ఉన్నాయని అనుమానించాలి. పూర్తిగా పెట్టేసిన తల్లి పొట్ట ఒక్కసారిగా లోపలికి పోయి, పక్కల చర్మం వదులుగా ముడతలు పడి, తుంటి ఎముకలు బయటికి కనిపిస్తాయి. గుడ్ల బరువు తల్లి బరువులో నాలుగోవంతుకు మించి కూడా ఉంటుంది గనుక ఆ రూపం చూసి భయపడనక్కరలేదు. పొట్ట పక్కల ద్రాక్షపళ్ల గుత్తిలాంటి ఉబ్బులు ఇంకా కనిపిస్తూ, తల్లి నేలను గోకుతూ తిరుగుతూ ఉంటే మాత్రం పని ఇంకా మిగిలి ఉన్నట్టే.

అలాంటప్పుడు దానికి కావలసింది ఏకాంతం, తవ్వుకోవడానికి మట్టి. యాభై అరవై లీటర్ల ప్లాస్టిక్ తొట్టిలో కడిగిన ఏటి ఇసుక, తోటమట్టి సగం సగం కలిపి, పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టేంత తడిపి, కనీసం ముప్పై సెంటీమీటర్ల లోతు నింపండి. పైన సగం మూత వేసి, లోపల చీకటిగా, గుహలా ఉండేలా చూడండి. సరైన చోటు దొరకక గుడ్లను ఆపుకున్న ఇగ్వానాలు అలాంటి తొట్టిలో పెట్టిన కొద్ది గంటల్లోనే తవ్వడం మొదలుపెడతాయి. ఎక్కడో అక్కడ పెట్టేస్తుందిలే అని వదిలేయడం ప్రమాదం, ఎందుకంటే తగిన చోటు లేకపోవడమే గుడ్లు లోపల ఇరుక్కుపోవడానికి ఉన్న ముఖ్య కారణాల్లో ఒకటి.

ఇసుక గురించి ఒక హెచ్చరిక. మన ఊళ్లో ఇసుక అనగానే ఆర్కే బీచ్ నుంచో రుషికొండ నుంచో ఒక సంచి తెచ్చుకోవడం అందరికీ తోచే ఆలోచన. సముద్రపు ఇసుక వద్దు. అందులోని ఉప్పు మెత్తటి పెంకు గుండా గుడ్డులోని నీటిని బయటికి లాగేస్తుంది. ఎంత కడిగినా ఉప్పు పూర్తిగా పోయిందో లేదో కంటితో తెలియదు కాబట్టి ఏటి ఇసుకే వాడండి.

వైద్యుని దగ్గరికి ఎప్పుడు పరుగెత్తాలి అన్నది ఇక్కడ అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న. గుడ్లతో ఉన్న ఇగ్వానా చివరి రెండు మూడు వారాలు తిండి బాగా తగ్గించేస్తుంది, కొన్ని పూర్తిగా మానేస్తాయి. అయినా చురుకుగా తిరుగుతూ, కళ్లు తెరిచి చుట్టూ గమనిస్తూ, నీళ్లు తాగుతూ ఉంటే ఆందోళన అవసరం లేదు. తిండి మానడంతోపాటు మందకొడిగా పడి ఉండటం, పిలిచినా తల ఎత్తకపోవడం, ముక్కుతున్నా గుడ్డు బయటికి రాకపోవడం, కాళ్ల వేళ్లు గానీ తోక గానీ సన్నగా వణకడం, కొన్ని గుడ్లు పెట్టి ఆగిపోయి ఒక రోజు దాటినా మిగిలినవి రాకపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అదే రోజు వైద్యునికి చూపించాలి. వణుకు ఉంటే రక్తంలో కాల్షియం పడిపోయిందని అర్థం. ఎక్స్‌రే తీస్తే లోపల ఎన్ని గుడ్లు ఉన్నాయో తెలుస్తుంది. కాల్షియం ఇంజెక్షన్, అవసరమైతే శస్త్రచికిత్స వైద్యుడే నిర్ణయించాలి. పొట్టను చేత్తో నొక్కి గుడ్లు బయటికి నెట్టే ప్రయత్నం ఎట్టి పరిస్థితిలోనూ చేయకండి. గుడ్డు లోపలే పగిలితే ఆ సొన పొట్టలో చేరి ప్రాణం మీదికి వస్తుంది.

కుక్కలనూ పిల్లులనూ చూసే పశువైద్యులు వీధికొకరు దొరుకుతారు గానీ, సరీసృపాలకు వైద్యం చేసిన అనుభవం అందరికీ ఉండదు. కాబట్టి మీ ఇంట్లో ఆడ ఇగ్వానా ఉంటే, లేదా ఆడో మగో తేలని ఇగ్వానా ఉంటే, అలాంటి అనుభవం ఉన్న వైద్యుడు ఎవరో అవసరం రాకముందే కనుక్కుని నంబరు రాసి పెట్టుకోండి. మొదటి ఏడాది నేను ఆ పని చేయలేదు. అర్ధరాత్రి ఒక ఆసుపత్రికి ఫోను చేస్తే "ఉడుముకి వైద్యం చెయ్యం" అని పెట్టేశారు. అది ఉడుము కాదని చెప్పే అవకాశం కూడా దొరకలేదు.

పెట్టడం పూర్తయిన తల్లికి మొదట నీళ్లు అందించాలి. గోరువెచ్చటి నీళ్లు లోతు తక్కువ ఉన్న తొట్టిలో పోసి, పావుగంట అందులో ఉంచితే తనంతట తాను తాగుతుంది. తరువాత కాల్షియం ఎక్కువున్న ఆకులు పెట్టండి. రైతుబజారులో దొరికే మునగాకు, అవిసాకు, పెరట్లోని మందార ఆకులు, పూలు, తురిమిన గుమ్మడికాయ, బెండకాయ మంచివి. పాలకూర, బచ్చలి, తోటకూర మాత్రం కొన్ని వారాలు పక్కన పెట్టండి, ఎందుకంటే వాటిలో ఉండే ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టుకుని ఒంటికి పట్టనివ్వవు. తిన్న కాల్షియం ఎముకకు చేరాలంటే సూర్యరశ్మిలోని యూవీబీ అనే అతినీలలోహిత కిరణాలు కావాలి. కిటికీ అద్దం వాటిని ఆపేస్తుంది కాబట్టి ఉదయపు ఎండలో, పక్కనే నీడ కూడా ఉండే చోట, జాలీ పెట్టెలో ఉంచండి. తల్లి మళ్లీ పూర్వపు బరువుకు రావడానికి వారాలు పడుతుంది. వారానికోసారి వంటింటి కాటాతో కాకుండా దానికోసమే ఉంచిన వేరే కాటా మీద తూచి రాసుకోండి.

గుడ్లను తీయడం: పై భాగం పైకే

ఇప్పుడు గుడ్ల సంగతి. కోడిగుడ్డు లోపల పచ్చసొనను రెండు వైపుల నుంచి పట్టి ఉంచే తాళ్లలాంటి పొరలు ఉంటాయి. గుడ్డు ఎటు తిరిగినా సొన దొర్లి తన చోటికి వస్తుంది. అందుకే పెట్ట తన ముక్కుతో గుడ్లను రోజూ తిప్పుతుంది. బల్లుల గుడ్లలో ఆ తాళ్లు ఉండవు. గుడ్డు పెట్టిన కొద్ది గంటల్లోనే పిండం పైకి తేలి, పెంకు లోపలి గోడకు అతుక్కుని అక్కడే రక్తనాళాలు పరచుకుంటుంది. ఆ తరువాత గుడ్డును తలకిందులు చేస్తే పిండం సొన బరువు కింద పడి ఊపిరాడక చనిపోతుంది, లేదా ఆ సన్నని నాళాలు తెగిపోతాయి. పెట్టిన మొదటి రోజులో తిప్పినా బతికే అవకాశం కొంత ఉంటుంది గానీ, మీరు చూసేసరికి గుడ్డు వయసెంతో మీకు తెలియదు కదా. అందుకని ప్రతి గుడ్డునూ ముందురోజు పెట్టినదిగానే భావించి జాగ్రత్త పడటం మంచిది.

సబ్బుతో చేతులు కడుక్కుని, బాగా తుడుచుకుని, గుడ్డును తాకకముందే దాని పై భాగం మీద మెత్తటి పెన్సిలుతో చిన్న గీత గీయండి. పెన్ను, మార్కరు వాడవద్దు, ఎందుకంటే ఆ సిరా పెంకు గుండా లోపలికి ఇంకుతుంది. మట్టిలో ఉంటే పైనుంచి వేళ్లతో కొద్దికొద్దిగా మట్టి తొలగిస్తూ రండి, గరిట, పలుగు వద్దు. గీత ఆకాశం వైపే ఉండేలా, బొటనవేలు చూపుడువేలితో గుడ్డు నడుమును పట్టి, చిన్నపిల్ల తల ఎత్తినంత నెమ్మదిగా ఎత్తండి. అతుక్కున్న గుడ్లను విడదీయవద్దు. గుత్తిగానే ఉంచినా పొదగబడతాయి, విడదీసేటప్పుడు చినిగితే మాత్రం రెండూ పోతాయి. అంటిన మట్టిని కడగవద్దు. నీళ్ల గిన్నెలో పడి ఎంతసేపయిందో తెలియని గుడ్లను కూడా వెంటనే తీసి మిగిలిన వాటితోపాటు ఉంచి చూడండి, అయితే వాటి మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దు.

గుడ్లను తాత్కాలికంగా ఉంచడానికి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా, అందులో తడిపి పిండిన కాగితపు తువ్వాళ్లు చాలు. మార్చి నెలలో మన ఊళ్లో ఇంటి లోపలి వేడి సాధారణంగా 27, 28 డిగ్రీల దగ్గర ఉంటుంది కాబట్టి ఒక రోజు ఆ స్థితిలో ఉన్నా గుడ్లకు నష్టం లేదు. తొందరపడి సరిగా సరిచేయని వేడి పెట్టెలో పెట్టడం కంటే అదే మేలు.

ఈ పనంతా అయ్యాక చేతులు మళ్లీ సబ్బుతో కడుక్కోండి. సరీసృపాలు సాల్మొనెల్లా బాక్టీరియాను మోస్తాయి. గుడ్లున్న డబ్బాలను వంటింటి సింకులో కడగకూడదు, ఐదేళ్లలోపు పిల్లలను వాటిని ముట్టనివ్వకూడదు.

పిల్ల కట్టిందా లేదా

మగదాని ముఖం ఎరగని ఆడ ఇగ్వానా కూడా ఏటా గుడ్లు పెడుతుంది. పెట్ట పుంజు లేకుండా గుడ్లు పెట్టినట్టే. అలాంటి గుడ్లకు ఎంత శ్రద్ధ చేసినా పిల్లలు రావు. మీ ఇగ్వానా ఏనాడూ మగదానితో కలిసి ఉండలేదని మీకు ఖచ్చితంగా తెలిస్తే, పొదిగే పని పెట్టుకోకుండా తల్లి మీదే దృష్టి పెట్టండి. గత కొన్ని నెలల్లో కొద్ది రోజులైనా మగదానితో ఉంటే, లేదా ఇటీవలే కొనుక్కుని దాని పూర్వం మీకు తెలియకపోతే అనుమానించాల్సిందే, ఎందుకంటే ఆడ బల్లులు మగ బీజాన్ని శరీరంలో కొంతకాలం దాచుకోగలవు. మా విషయంలో ఇదే జరిగింది. చలికాలంలో మేము కాశీ వెళ్లినప్పుడు పది రోజులు స్నేహితుల ఇంట్లో వదిలాం. అక్కడ మరో ఇగ్వానా ఉంది.

కంటికి తెలిసే తేడాలు కొన్ని ఉన్నాయి. పిల్ల కట్టే గుడ్డు సుద్ద తెలుపులో, నిండుగా, నొక్కితే బిగుతుగా ఉంటుంది. కట్టనిది పసుపు రంగులో, చిన్నదిగా, జిగురుగా ఉండి రెండు మూడు రోజుల్లోనే కుంగి బూజు పడుతుంది. అయినా మొదటి రోజే రంగు చూసి పారేయకండి. వారం, పది రోజులు ఆగి, గదిలో దీపాలన్నీ ఆర్పి, గుడ్డును కదపకుండా చిన్న ఎల్‌ఈడీ టార్చిని దాని పక్కకు ఆనించండి. పిల్ల కట్టిన గుడ్డు లోపల గులాబీ రంగు వెలుగు, అందులో సాలెగూడులాంటి ఎర్రటి నాళాలు కనిపిస్తాయి. రెండో ఏడాది ఆ ఎర్రటి దారాలను మొదటిసారి చూసినప్పుడు మా అత్త నోట మాట రాలేదు. టార్చి పట్టుకున్న ఆవిడ చెయ్యి సన్నగా వణికింది. కట్టని గుడ్డు మొత్తం ఒకే పసుపు వెలుగుతో ఉంటుంది. టార్చి వేడి తగలకుండా ఐదారు సెకన్లలో ముగించండి.

పొదిగించాలా, వద్దా

ఈ నిర్ణయాన్ని చాలామంది తీసుకోరు, గుడ్లు ఉన్నాయి కాబట్టి పొదిగిస్తారు. దయచేసి కూర్చుని ఆలోచించండి. పచ్చ ఇగ్వానా అరచేతిలో పట్టే పిల్లగా పుట్టి, తోకతో కలిపి ఐదారు అడుగుల దాకా పెరుగుతుంది, సరిగా చూసుకుంటే పదిహేనేళ్లకు పైగా బతుకుతుంది. ముప్పై గుడ్లలో సగం పొదిగినా పదిహేను జంతువులు. ఒక్కొక్కటీ ఒక గదంత స్థలం అడుగుతుంది. రెండో ఏడాది మా ఇంట్లో తొమ్మిది పిల్లలు పుట్టాయి. వాటన్నిటికీ బాధ్యత తెలిసిన ఇళ్లు వెతకడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది.

చట్టం కూడా తెలుసుకోవాలి. పచ్చ ఇగ్వానా అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందమైన సైటిస్ రెండో అనుబంధంలో ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి రావడంతో, ఇలాంటి విదేశీ జాతులను పెంచుకునేవారు వాటి వివరాలను నమోదు చేయవలసి ఉంది. 2024లో వచ్చిన నియమాల ప్రకారం ఆ నమోదు కేంద్ర ప్రభుత్వ పరివేశ్ 2.0 పోర్టల్ ద్వారా జరుగుతుంది. పిల్లలు పుట్టినా, ఒకటి చనిపోయినా, మరొకరికి ఇచ్చినా ఆ మార్పు కూడా నమోదు కావాలి. మీ తల్లి ఇగ్వానా పేరు మీద నమోదు ఇంకా లేకపోతే, గుడ్ల సంగతి తరువాత చూడవచ్చు, ముందు ఆ పని చేయండి. పక్కింటివారు దాన్ని ఉడుము అనుకుని ఫిర్యాదు చేయడం మన దగ్గర అరుదు కాదు. ఉడుము చట్టంలోని మొదటి షెడ్యూలులో రక్షణ పొందిన జంతువు, దాన్ని ఇంట్లో ఉంచుకోవడం నేరం. మీ దగ్గర ఉన్నది ఇగ్వానా అని చూపించే కాగితం చేతిలో ఉండాలి.

పిల్లలు ఎక్కువయ్యాయని కంబాలకొండ వైపో, ఏదైనా పార్కులోనో వదిలేయాలన్న ఆలోచన మనసులోకి కూడా రానివ్వవద్దు. అమెరికాలోని ఫ్లోరిడా, కరీబియన్‌లోని ప్యూర్టోరికో, తైవాన్, సింగపూరు, ఇవన్నీ పెంపుడు ఇగ్వానాలు బయటపడి అడవిలో స్థిరపడిపోయిన చోట్లే. వెచ్చగా, తేమగా, ఆకుపచ్చగా ఉండే తూర్పు కనుమల కొండలు వాటికి అంతే సరిపోతాయి. ఒకసారి స్థిరపడితే తిరిగి ఏరివేయడం ఎవరి తరమూ కాదు.

పెంచలేమని అనుకుంటే గుడ్లను మొదటి ఒకటి రెండు రోజుల్లోనే, పిండం ఇంకా ఏ అనుభూతీ లేని దశలో ఉండగానే, సంచిలో కట్టి ఫ్రీజరులో రెండు రోజులు ఉంచి పాతిపెట్టడం దయగల పద్ధతి. నెల గడిచాక ఆ పని చేయడం దయ కాదు. మూడో ఏడాది నేను అలాగే చేశాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, అయినా అది సరైన నిర్ణయమేనని ఈ రోజుకీ నమ్ముతున్నాను. కావాలంటే ఆరోగ్యంగా కనిపించే రెండు మూడింటిని మాత్రమే పొదిగించి, మిగిలినవి ఆపేయవచ్చు.

పొదిగే పెట్టె

పొదిగించాలని నిర్ణయించుకుంటే, గుడ్ల కింద పరచడానికి వర్మిక్యులైట్, అంటే తడిని పట్టి ఉంచే తేలికైన ఖనిజపు పలుకులు, మేలైనది. మిద్దెతోటలు పెంచేవారికి సామాను అమ్మే నర్సరీల్లో దొరుకుతుంది. కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) చౌకే గానీ త్వరగా బూజు పడుతుంది. ఎరువు కలిపినది ఏదీ వాడకూడదు. వర్మిక్యులైట్ 300 గ్రాములు తూచి, అంతే బరువు నీళ్లు, అంటే 300 మిల్లీలీటర్లు, కలపండి. కొలత కొలతగా కాకుండా బరువుకు బరువు అన్నది గుర్తుంచుకోండి. పిడికిట్లో గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు మాత్రమే రాలాలి. మూత బిగించే ప్లాస్టిక్ డబ్బాలో ఐదారు సెంటీమీటర్ల మందాన పరచి, బొటనవేలితో గుంటలు చేసి, గుడ్డు సగం మునిగేలా, పెన్సిలు గీత పైకి ఉండేలా పెట్టండి. పొదుగుతున్నకొద్దీ గుడ్లు నీరు పీల్చి ఉబ్బుతాయి కనుక మధ్యలో వేలెడు ఖాళీ వదలండి. డబ్బా పక్కల నాలుగు చిన్న రంధ్రాలు చాలు.

మూత పెట్టిన ఆ డబ్బాను గుడ్లతో సహా తూచి, బరువును ఒక పట్టీ మీద రాసి మూతకు అంటించండి. వారం వారం తూచి చూసినప్పుడు తగ్గిన బరువంతా ఆవిరై పోయిన నీరే. అంత నీటినే గోరువెచ్చగా, గుడ్ల మీద పడకుండా అంచుల వెంట పోయండి. తడి ఎంత ఉందో చేతితో ఊహించే పని దీనితో తప్పుతుంది. రెండో ఏడాది మా గుడ్లు నిలవడానికి నా దృష్టిలో ముఖ్య కారణం ఇదే.

వేడికి నేను వాడేది నీళ్ల పద్ధతి. చేపలు ఎగుమతి చేసే తరహా దళసరి థర్మోకోల్ పెట్టె, వాసన పట్టని కొత్తది, తీసుకోండి. అడుగున రెండు ఇటుకలు పెట్టి, అవి దాదాపు మునిగేదాకా నీళ్లు పోసి, ఆ నీళ్లలో అక్వేరియం హీటరును పూర్తిగా మునిగేలా ఉంచండి. గుడ్ల డబ్బా ఇటుకల మీద, నీటికి పైన ఉండాలి. పై మూతను ఒక వైపు కొంచెం వాలుగా ఉంచితే, ఆవిరి చెమ్మ గుడ్ల మీద చుక్కలుగా పడకుండా పక్కకు జారుతుంది. నీళ్లు తగ్గి హీటరు బయటపడితే అద్దం పగిలి కరెంటు షాకు కొట్టే ప్రమాదం ఉంది, కాబట్టి రెండు రోజులకోసారి నీటి మట్టం చూసుకోండి, నీళ్లలో చెయ్యి పెట్టే ముందు ప్లగ్గు తీసేయండి. థర్మామీటరు కొన గుడ్ల పక్కనే, వాటి ఎత్తులోనే ఉండాలి. చౌక డిజిటల్ థర్మామీటర్లు ఒక డిగ్రీ అటూ ఇటూ చూపిస్తాయి, అందుకని రెండింటిని పక్కపక్కన పెట్టి పోల్చుకోండి.

పచ్చ ఇగ్వానా గుడ్లకు 29 నుంచి 31 డిగ్రీల సెల్సియస్ తగిన వేడి. విశాఖలో ఇబ్బంది చలితో కాదు, మే నెలతో. మార్చి చివర పెట్టిన గుడ్లు సరిగ్గా నడివేసవి మీదుగా పొదగబడతాయి. పైఅంతస్తు గదుల్లో మధ్యాహ్నం వేడి 34 దాటుతుంది, ఆ స్థాయిలో ఎక్కువసేపు ఉంటే పిండాలు బతకవు. హీటరు తనంతట తాను ఆగిపోతుంది గానీ చల్లబరచలేదు. పెట్టెను ఇంట్లోకల్లా చల్లటి గదిలో, నేల మీద, పడమటి గోడకు దూరంగా ఉంచండి. మరీ వేడెక్కిన రోజుల్లో గడ్డకట్టిన నీళ్ల సీసాను గుడ్డలో చుట్టి థర్మోకోల్ పెట్టె లోపల, గుడ్ల డబ్బాకు తగలకుండా ఓ మూల పెట్టండి. గుడ్లు కొన్ని గంటల చల్లదనాన్ని తట్టుకుంటాయి, ఎదుగుదల కాస్త నెమ్మదిస్తుంది అంతే. వేడిని మాత్రం తట్టుకోలేవు.

కరెంటు పోతే భయపడకండి. పెట్టెలోని నీళ్లే గంటల తరబడి వేడిని పట్టి ఉంచుతాయి, మూత తీయకుండా ఉంటే చాలు. అయితే 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు నగరంలో చాలా ప్రాంతాలకు రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు గ్యాసు మీద కాచిన నీళ్లు సీసాల్లో నింపి, చేతికి వెచ్చగా మాత్రమే అనిపించే స్థాయికి వచ్చాక పెట్టెలో పెట్టడానికి సిద్ధంగా ఉండండి.

రోజూ చేయవలసింది చాలా తక్కువ, అదే కష్టం. ఉదయం, మధ్యాహ్నం వేడి చూసి రాసుకోండి. వారానికి ఒకసారి డబ్బా మూత నిమిషం తీసి గాలి మారనివ్వండి. గుడ్డు పైభాగం సొట్టపడితే తడి తగ్గిందని అర్థం, అంచులకు నీరు చేర్చండి. బూజు పట్టినంత మాత్రాన గుడ్డు పోయినట్టు కాదు. బిగుతుగా ఉంటే పొడి దూదితో బూజును మెల్లగా తుడిచి వదిలేయండి. కుంగి, వాసన వస్తుంటే తీసేయండి, కానీ అది మంచి గుడ్డుకు అతుక్కుని ఉంటే మాత్రం లాగవద్దు.

ఇతర బల్లులు పెంచేవారికి అంకెలు మారుతాయి. లెపర్డ్ గెకో విడతకు రెండు గుడ్లే పెడుతుంది, కొన్ని వారాల తేడాతో మళ్లీ మళ్లీ పెడుతుంది. దాని పిల్లలు ఆడవో మగవో పొదిగే వేడే తేలుస్తుంది. 26 నుంచి 28 డిగ్రీల మధ్య ఎక్కువగా ఆడవి, 32, 33 డిగ్రీల దగ్గర ఎక్కువగా మగవి పుడతాయి. ఇగ్వానాల్లో అలా కాదు, లింగం ముందే నిర్ణయమై ఉంటుంది. బియర్డెడ్ డ్రాగన్ విడతకు ఇరవై దాకా పెడుతుంది, 28 నుంచి 30 డిగ్రీల దగ్గర దాదాపు రెండు నెలల్లో పొదగబడతాయి. ఇక గోడకో చెక్కకో అతుక్కుని, గట్టి పెంకుతో ఉన్న గెకో గుడ్లను ఊడదీయకండి, అవి ఉన్నచోటే వాటి చుట్టూ ఒక జాలీ గిన్నె బోర్లించి టేపు వేయండి.

పిల్లలు బయటికి వచ్చే రోజులు

ఇగ్వానా గుడ్లు పొదగడానికి వేడిని బట్టి సుమారు 70 నుంచి 95 రోజులు పడుతుంది. చివరి రోజుల్లో గుడ్డు మీద చెమట పట్టినట్టు చిన్న చిన్న బిందువులు కనిపిస్తాయి, నిండుగా ఉన్న పెంకు కాస్త కుంగుతుంది. పిల్ల ముక్కు కొసన ఉండే చిన్న దంతంతో పెంకును బ్లేడుతో కోసినట్టు చీలుస్తుంది. చీలికలోంచి ముక్కు, ఆపైన ఒక కన్ను కనిపిస్తాయి. ఆ తరువాత ఒక రోజంతా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ, ఏమీ జరగదు. మనకు ఆగడం చాలా కష్టంగా ఉంటుంది, అయినా లాగవద్దు. ఆ సమయంలో పిల్ల మిగిలిన సొనను పొట్టలోకి లాక్కుంటూ, ఊపిరితిత్తులకు గాలి అలవాటు చేసుకుంటూ ఉంటుంది. బలవంతంగా తీస్తే బొడ్డు దగ్గర సొన సంచి తెగి రక్తం కారుతుంది. రెండో ఏడాది నేను రాత్రంతా పెట్టె పక్కన చాప వేసుకుని పడుకున్నాను. తెల్లవారుజామున ఒక పిల్ల పెంకు అంచు మీద గడ్డం ఆనించి, రెప్ప వేయకుండా నన్నే చూస్తోంది. దాని పచ్చదనం లేత అరటాకు రంగు.

బయటికి వచ్చిన పిల్లకు పొట్ట కింద సొన సంచి కొంచెం మిగిలి ఉంటే, తడిపిన కాగితపు తువ్వాలు పరచిన శుభ్రమైన డబ్బాలో, అది లోపలికి ఇంకిపోయే దాకా ఒంటరిగా ఉంచండి. ఇసుక, మట్టి ఆ భాగానికి అంటకూడదు. ఒక విడతలోని గుడ్లన్నీ ఒకేసారి పొదగవు, మూడు నాలుగు రోజులు తేడా సహజం, కాబట్టి ఆలస్యమైన గుడ్డును కోసి చూడకండి. లోపలి సొన బలంతో పిల్లలు మొదటి కొద్ది రోజులు తినవు. తరువాత పెద్దవాటికి పెట్టే మునగాకు, మందారం, గుమ్మడినే కత్తితో సన్నగా, పప్పు పోపులో కరివేపాకు తరిగినంత చిన్నగా తరిగి, పైన చిటికెడు కాల్షియం పొడి చల్లి పెట్టండి. పొద్దున ఎండ కొద్దిసేపు, పక్కనే నీడ, తాగడానికి ఆకుల మీద చల్లిన నీటి తుంపరలు, ఇవి చాలు. పిల్లలను తల్లితో ఒకే పెట్టెలో ఉంచకూడదు. కొద్ది వారాల్లోనే బలమైనవి బలహీనమైన వాటిని తిండి దగ్గరికి రానివ్వవు, అందుకని రెండు మూడేసి చొప్పున వేరు చేయండి.

పుట్టిన పిల్లల సంఖ్యను, తేదీలను అదే వారంలో పోర్టల్‌లో నమోదు చేయండి. తరువాతి సంక్రాంతి దాటగానే తడి ఇసుక మట్టి నింపిన తొట్టిని తల్లి ఉండే చోట ఒక మూల, సగం మూతతో, సిద్ధంగా ఉంచండి. అది మగదానిని కలవకపోయినా మళ్లీ గుడ్లు పెడుతుంది. మా ఇంట్లో ఇప్పుడు జనవరి రెండో పక్షానికి ఆ తొట్టి బాల్కనీలో బట్టల బుట్ట ఉండే చోటికి వచ్చేస్తుంది, బుట్ట గదిలోకి మారుతుంది.